చంద్రుడిదాకా బండ్ల వరస

బడి గోడకు కట్టే పటం కిలోతో ఆగిపోవడం ప్రేమలీలకు మింగుడుపడలేదు.

కొత్త తూనికల మీద నెల్లూరులో అయ్యవార్లకు తరగతులు పెట్టారు. మొగుడు క్రీస్తుదాసు పెట్టె సర్దుకుని పోతూ ఒక దళసరి కాగితం, ఎర్రసిరా, నీలంసిరా ఆమె చేతికిచ్చాడు. "మిల్లీ నించి కిలో దాకా గుండ్రంగా రాసిపెట్టు. నేనొచ్చినాక బడిలో కట్టుకుంటా" అన్నాడు. తరగతుల్లో వాళ్ళకు పంచిన పుస్తకం కూడా కిలో దగ్గరే ఆగింది. తూర్పుపాళెం బడి అంటే ఒక గది, అయిదు తరగతులు. సముద్రపొడ్డు పిల్లలకు వెయ్యి దాటి ఏం పనిలే అని ఆ పుస్తకం రాసినాయన అనుకుని ఉంటాడు.

ప్రేమలీల గుంటూరులో ఫిజిక్సు తీసుకుని బియ్యెస్సీ ప్యాసయింది. పెళ్ళయి, విడవలూరు అవతల ఈ పాళేనికి వచ్చాక ఆ చదువు చూరులో చెక్కిన కొడవలి అయింది. తుప్పు పట్టలేదు, కోతకూ రాలేదు. మద్రాసు కాలేజీలో పాఠాలు చెప్పే అన్న ఆనందబాబు తను చదివేసిన సైన్సు పత్రికలు ఆమెకు పంపుతుంటాడు. పొయ్యి ముందు కూర్చుని, అన్నం ఉడికేలోపల, వాటిని అట్ట నుంచి అట్ట దాకా చదివేది. నిరుడు పారిస్‌లో దేశదేశాలవాళ్ళు చేరి, కొలతల ముందు తగిలించే పేర్లు ఖాయం చేసుకున్నారని వాటిలోనే చూసింది. కిలో తర్వాత మెగా, మెగా తర్వాత గిగా, గిగా తర్వాత టెరా. ఒక్కో మెట్టుకు వెయ్యింతలు. పెద్దవాటికి పేర్లు అక్కడితో సరి.

ఉన్నవి ఉన్నట్టు రాయకుండా సగంలో వదిలెయ్యడం ఆమెకు చేతకాని పని. కిలో కింద ఎర్రసిరాతో మెగా రాసి ఆరు సున్నలు పెట్టింది. గిగాకు తొమ్మిది. టెరాకు వచ్చేసరికి పన్నెండు సున్నలకు కాగితం చాలలేదు. చివరివి చిన్నవిగా, ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు పడ్డాయి. అది ఆమె కంటికి నలుసయింది. అయినా సరే, పటాన్ని వసారాలో దండేనికి తగిలించి ఆరబెట్టింది.

అన్నాలయ్యాక ఆడవాళ్ళు ఆ వసారాలోనే చేరుతారు. అత్త రెబెక్కమ్మ చేటలో బియ్యం పోసుకుని కూర్చుంది. ఆడబిడ్డ ఎలిశబెతు గోడకు చేరగిలబడి కాళ్ళు చాపుకుంది. కోవూరులో కాపురం. మొగుడు సంజీవరావు అక్కడ బియ్యం మిల్లులో గుమాస్తా. పురిటికి పుట్టింటికి వచ్చింది. నిరుడు ఏడో నెలలో ఒక బిడ్డ దక్కకుండా పోయింది. అందుకే ఈసారి ఆమె తుమ్మినా ఇల్లంతా తిరిగి చూస్తుంది. పక్కింటి మాలకొండమ్మ కూడా వచ్చి గడప దగ్గర కూర్చుంది.

"ఇదేందే, కోడిగుడ్లు పేర్చినట్టు?" అంది రెబెక్కమ్మ పటంవైపు చూసి.

"సున్నలు అత్తయ్యా. ఇది మెగా, పది లక్షలు. ఇది గిగా. గ్రీకు భాషలో రాకాసి అని అర్థం. ఇది టెరా. అంటే భూతం."

"లెక్కలకు రాకాసి పేర్లు పెట్టుకుంటారా చదువుకున్నోళ్ళు! మేం గొడ్లక్కూడా పెట్టం" అంది మాలకొండమ్మ.

అందరూ నవ్వారు. ప్రేమలీలా నవ్వింది. ఆ తర్వాత రోజూ చేసినట్టే, విడవలూరు నుంచి టపాతో వచ్చిన నిన్నటి పేపరు విప్పి పెద్దగా చదవడం మొదలుపెట్టింది.

మొదటి పేజీలో పెద్దక్షరాలతో బాంబు సంగతి ఉంది. రష్యావాళ్ళు ఉత్తరధ్రువం పక్కన ఎక్కడో దీవిలో పేల్చారు. అంత పెద్ద బాంబు ఇంతవరకు భూమ్మీద ఎవరూ పేల్చలేదు. యాభై మెగాటన్నులు. దాని విషపు ధూళి గాల్లో కలిసి దేశాల మీదుగా తిరుగుతుందనీ, వానలో దిగుతుందనీ, పెద్దపెద్ద శాస్త్రజ్ఞులు ఆందోళన పడుతున్నారనీ రాశారు.

"యాభై ఏందీ?" అంది మాలకొండమ్మ.

"మెగాటన్నులు అక్కా. ఇందాక చెప్పినా గదా, మెగా అంటే పది లక్షలు."

"టన్నంటే?"

"మన పుట్టికి కాస్త పైన. ఒక బండి బరువనుకో."

"అట్టయితే యాభై పదిలక్షల బండ్లా?"

"అయిదు కోట్ల బండ్లు."

మాలకొండమ్మ బుగ్గ మీద చెయ్యేసుకుంది. "లాభం, రెండు, మూడు అనుకుంటా కొలవడానికి కూర్చుంటే కొలిచేటోడు ముసలోడై పోతాడు గదమ్మా" అంది. ధాన్యం కొలిచేటప్పుడు అక్కడ ఒకటి అనరు, లాభం అంటారు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ ప్రేమలీలకు ఎన్నాళ్ళకో లెక్క దొరికింది. కళ్ళు మెరిశాయి. సుద్దముక్క తీసుకుని వసారా బండ మీద లెక్క వేసింది. బండి, ఎడ్లు కలిపి ఇరవై అడుగులు. బండికీ బండికీ నడుమ అయిదడుగుల ఎడం. అయిదు కోట్ల బండ్లు. అడుగులను మైళ్ళలోకి మార్చింది. రెండోసారి సరిచూసుకుంది. తల ఎత్తి, "అత్తయ్యా, ఆ బండ్లు ఒకదాని వెనక ఒకటి కడితే ఎంత దూరం పోతాయో తెలుసా? చంద్రుడిదాకా!" అంది.

రెబెక్కమ్మ చేతిలో చేట ఆగింది. ఎలిశబెతు చేతులు రెండూ పొట్ట మీదికి వచ్చాయి. ప్రేమలీల ఆ సంగతి చూడలేదు. బండ మీది లెక్కనే చూసుకుంటోంది.

మాట బండెక్కి పోయింది. సాయంత్రానికి పాళెమంతా చంద్రుడిదాకా బండ్లు నడిచాయి. ఏం బండ్లు అంటే బూడిద బండ్లు. విషం కలిసిన బూడిద. అయిదు కోట్ల పుట్ల బూడిదను గాల్లో తూర్పారబట్టినట్టు ఎగరేశారట, అదంతా ఎక్కడో ఒకచోట దిగాలట. తూర్పుగాలి మొదలయ్యే రోజులు. అది ఎక్కడ దిగుతుందో ఒకరు చెప్పనక్కర్లేదు.

దిగకముందే వాన దిగింది.

తూర్పుపాళెంలో బావులు లేవు. సముద్రానికి అంత దగ్గర్లో లోతుగా తవ్వితే ఉప్పు తగులుతుంది. ఇసుకలో మనిషి లోతు గుంట తీస్తే, అడుగున ఉప్పునీళ్ళు, వాటి మీద వాననీళ్ళు మీగడలాగా తేలి నిలుస్తాయి. దాన్నే దొరువు అంటారు. మాలకొండమ్మ మొగుడు వెంకయ్య చేలో, సరుగుడు చెట్ల పక్కన ఉన్న దొరువే పాళేనికంతటికీ తాగునీళ్ళు. ఏటా మొదటి వానకు సరుగుడు ఆకు కొట్టుకొచ్చి అందులో పడుతుంది. నీళ్ళు నాలుగు రోజులు టీ రంగులో ఉండి మళ్ళీ తేటపడతాయి. ఏటా అంతే. ఏటా ఎవరూ దాన్ని వంగి చూడలేదు. ఈసారి పాళెమంతా వచ్చి చూసింది.

"రంగు తిరిగినాయి" అంది ఒకావిడ.

"బూడిద దిగింది" అంది ఇంకొకావిడ.

ఆ పూటనుంచి దొరువుకు ఎవరూ రాలేదు. ఉప్పువాగు దాటి, కాలవ దాకా పోయి, అక్కడి నీళ్ళు మోసుకొచ్చారు. కాలవ నీళ్ళు కూడా అదే వాన నీళ్ళు కదా అని ప్రేమలీల ఇద్దరు ముగ్గురితో అంది. "అవి పారే నీళ్ళు, ఇవి నిలవ నీళ్ళు" అన్నారు. రెబెక్కమ్మ ఇంట్లో అంత దూరం మోసే అలవాటున్న మనిషి లేదు. వాళ్ళూ వీళ్ళూ తెచ్చిపెట్టిన బిందెడు నీళ్ళను ఎలిశబెతుకోసం మూతపెట్టి దాచారు. ఆమె వాటినీ తాగదు. లోటాలో పోసి, వెలుతురుకు పట్టి చూసి, రెండు గుక్కలు తాగి పెట్టేస్తుంది. పెదాలు పగిలాయి. తలనొప్పి అంటోంది. రాను రాను మాట కూడా తగ్గించింది.

మాలకొండమ్మ వచ్చి గడప దగ్గర నిలబడిపోయింది. ఈసారి లోపలికి రాలేదు.

"మా దొరువుకు దిష్టి పెట్టినావు గదమ్మా అయ్యోరమ్మా" అంది. "మా మామ కాలంనాటి దొరువు. ఎండాకాలంలో గూడా ఎవుర్నీ వద్దనలేదు మేము. ఇప్పుడు కాకి గూడా రావడంలే."

ప్రేమలీలకు మొహం మీద కొట్టినట్టయింది. "అక్కా, నేనేం తప్పు చెప్పినా? పేపర్లో ఉండేదే చదివినా. లెక్క సరిగ్గానే ఉంది."

"సరిగ్గా ఉండబట్టే గదా ఇదంతా!"

అవును, లెక్క సరిగ్గానే ఉంది. దాన్ని మనసులో ఎన్నిసార్లు తిప్పి వేసినా సరిగ్గానే వచ్చింది. అదే ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు. పొయ్యి మీద కూర పెట్టి వాకిట్లోకి పోయేది. వాకిట్లోంచి ఇసుకదిబ్బ దాకా పోయి సముద్రంవైపు చూసేది. పడవలన్నీ పైకి లాగి బోర్లించి ఉన్నాయి. అలల చప్పుడు మారింది. రోజూ వచ్చి పోయే చప్పుడు కాదు. ఆగకుండా దూరంగా ఏదో దొర్లుతున్నట్టుంది. ఇంటికి తిరిగొచ్చేసరికి కూర అడుగంటేది.

ఆలోచించగా ఆమెకు ఒక దారి తోచింది. యాభై మెగాలు పెద్దగా కనబడుతున్నాయంటే దాని పక్కన ఇంకా పెద్దది పెట్టకపోవడం వల్లనే. ఆకాశం ఎంత పెద్దదో చెబితే ఆ ధూళి అందులో ఏమూలకో వాళ్ళే తెలుసుకుంటారు. మధ్యాహ్నం అత్తనూ ఆడబిడ్డనూ వసారాలో కూర్చోబెట్టింది. వాకిట్లో పోతున్న మాలకొండమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పటంలో అట్టడుగు వరస చూపించింది.

"ఇదిగో, ఈ టెరా చూడండి. మెగాకు పది లక్షల రెట్లు. మన తల మీదుండే గాలికి గూడా బరువుంది. భూమ్మీది గాలంతా తూస్తే ఎంతనుకున్నారు? అయిదు వేల టెరా టన్నులు!"

ముగ్గురూ పటంలో ఆ కిక్కిరిసిన సున్నలవైపు చూశారు.

"టెరా అంటే భూతం గదూ?" అంది మాలకొండమ్మ మెల్లగా. "అట్టాంటియి అయిదు వేలా!"

"ఇప్పుడవి గూడా మన నెత్తిన ఉండాయా?" అంది రెబెక్కమ్మ.

"అది కాదత్తయ్యా, దాంతో పోలిస్తే..."

"ఇంక చాల్లేవే. నీకు తెలిసిన లెక్కలన్నీ అయిపోయేలోపల నా బిడ్డ భయంతోనే పోయేట్టుంది." రెబెక్కమ్మ లేచి కొంగు దులుపుకుంది. "వెంకయ్యతో చెప్పినా. రేపు పొద్దున బండి కడతాడు. విడవలూరులో బస్సెక్కిచ్చి కోవూరు పంపిచ్చేస్తా. ఆడ పెన్న పారే ఏరు. అక్కడి నీళ్ళు తాగి మొగుడి దగ్గరే కనుక్కుంటుంది."

"ఈ వానలోనా? వాగు పొంగితే?"

"పొంగకముందే పోతాం. ప్రభువుండాడు."

"అత్తయ్యా, ఇప్పుడు బండి కుదుపులు..."

"నిరుడు ఏ బండీ ఎక్కలేదు. మంచం దిగకుండా కూర్చుంది. నిలిచిందా?"

ఎలిశబెతు తల వంచుకుని కాలి గోరుతో నేల గీస్తోంది. పోతాననీ అనలేదు, పోననీ అనలేదు.

తెల్లవారేసరికి ఆకాశం రాతిచిప్పలాగా ఉంది. సన్నగా మొదలైన జల్లు గాలికి అడ్డం తిరిగి కొడుతోంది. వెంకయ్య బండిలో గడ్డి పరిచి, పైన చాపతో గూడు కట్టాడు. ఎడ్లు ఒకచోట నిలవడం లేదు. సముద్రంవైపు చెవులు రిక్కించి, తలలు విదిలిస్తున్నాయి.

"బిరీన కానియ్ రెబెక్కమ్మక్కా" అన్నాడు వెంకయ్య. "పోటు ఎక్కితే వాగులో నీళ్ళు ఎనక్కి తంతాయి. ఎడ్లకు కాళ్ళు ఆనవు."

"ఆ మాట నిన్న చెప్పొచ్చు గదా" అంది మాలకొండమ్మ గడప మీదనుంచి.

"నిన్న నన్నెవురడిగినారు? బండి కట్టమన్నారు, కట్టినా."

ఎలిశబెతును అత్తాకోడళ్ళిద్దరూ చెరోపక్కా పట్టి బండెక్కించారు. గడ్డి మీద ఒత్తిగిలి కూర్చుని, గూటి కమ్మీ పట్టుకుంది. రెబెక్కమ్మ మూట తేవడానికి లోపలికి పోయింది. ప్రేమలీల బండి పక్కన వానలో నిలబడి, దుప్పటి ఎలిశబెతు కాళ్ళమీద కప్పి, అంచులు లోపలికి దోపింది. దోపిన అంచును మళ్ళీ తీసి దోపింది. చేతులు ఊరుకోవడం లేదు.

"వదినా" అంది ఎలిశబెతు. నాలుక ఎండిపోయి మాట పిడచకట్టి వస్తోంది. "ఒక మాట అడగనా? నవ్వకూడదు."

"అడుగమ్మా."

"అంత బూడిద ముందు యాడ పోసిపెట్టినారు?"

"ఏ బూడిద?"

"అదే, చంద్రుడిదాకా బండ్లు. అయిదు కోట్ల పుట్లు. అంత రాశి పొయ్యాలంటే కళ్ళం ఉండాల గదా. ఏ ఓడలో తీసుకపోయి ఆ దీవిలో పోసినారా అని రాత్రంతా అదే ఆలోచన. మా మిల్లు గోదాములో వెయ్యి పుట్లు పొయ్యడానికే చోటు చాలదు."

ప్రేమలీల చెయ్యి దుప్పటి మీద అట్లాగే ఉండిపోయింది.

రాశి. వీళ్ళు ఇన్నాళ్ళూ చూస్తున్నది రాశిని. తను బండ్లు అంది. బండిలో ఏదో ఒకటి ఉండాలి కదా, పాళెం బూడిద నింపింది. ఎంతో చెప్పింది, ఆరు సున్నలూ లెక్కపెట్టి చెప్పింది, రెండోసారి సరిచూసి మరీ చెప్పింది. అది దేని కొలతో చెప్పనేలేదు. ఆ రోజు సుద్దముక్క పట్టుకున్నాక అసలు దేన్ని కొలుస్తున్నదీ తనకే గుర్తు లేదు.

"అది బూడిద కాదు ఎలిశబెతూ. బరువే కాదు" అంది. "బాంబు ఒక్కటే. ఒక్క విమానంలో పట్టింది."

"ఒక్క విమానమా? మరి అయిదు కోట్లు?"

"అది దాని బలం." ఎలా చెప్పాలో తెలియక చుట్టూ చూసింది. వానలో, చేల అవతల, పెద్దరైతు పద్మనాభయ్య వేరుసెనగ తోటలో రేకుల షెడ్డు కనబడింది. "అదిగో, పద్మనాభయ్యగారు పోయినేడు ఇంజను పెట్టించినారు గదా. ఎన్ని గుర్రాల ఇంజనది?"

"అయిదు గుర్రాలది" అన్నాడు వెంకయ్య పగ్గాలు లాగిపట్టి. ఆ ఇంజను మాటెత్తితే అతను ఊరుకోలేడు. "కాలవ నీళ్ళు ఏనుగు తొండమంత పడతాయి."

"దాంట్లో గుర్రాలుండాయా వెంకయ్యన్నా?"

"గుర్రాలెందుకుంటాయమ్మా! అయిదు గుర్రాలు లాగినంత బలమని."

"ఇదీ అంతే ఎలిశబెతూ. అయిదు కోట్ల టన్నుల మందుగుండు ఒక్కసారి అంటుకుంటే ఎంత బలంగా పేలుతుందో, ఆ ఒక్క బాంబు అంత బలంగా పేలింది. బండ్లు లేవు. పుట్లు లేవు. రాశీ లేదు."

ఎలిశబెతు రెప్ప వాల్చకుండా చూసింది. ఇంతలో మూటతో గడప దాటిన రెబెక్కమ్మ అక్కడే ఆగిపోయింది. అంతా విన్నట్టే ఉంది.

"గుర్రాలే లేకపోతే లద్దె యాడ్నించి పడుతుంది!" అంది మాలకొండమ్మ ఉన్నట్టుండి.

వెంకయ్య పకపకా నవ్వాడు. ఎలిశబెతు పెదాలు కూడా కదిలాయి. పగుళ్ళు నొప్పెట్టి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత చెయ్యి తీసి, చాలా నెమ్మదిగా అడిగింది.

"అయితే, వదినా, వానలో అసలేమీ రాదా?"

రాదు అంటే సరిపోతుంది. ఒక్క మాట. ఎడ్లను విప్పేస్తారు. ప్రేమలీల నోటిదాకా వచ్చింది ఆ మాట. అత్త చూస్తోంది. మాలకొండమ్మ చూస్తోంది. వాన గూటి చాప మీద టపటపా కొడుతోంది. రాదు అని చెప్పి, రేపు ఇంకో పేపరు చదివినప్పుడు ఈ పిల్ల మొహం ఎలా చూడాలి? అంతకంటే ముఖ్యం, అది నిజం కాదు.

"రాదని చెప్పలేను" అంది. "ఇంజనులో గుర్రాలు లేవు గానీ పొగ ఉంటుంది గదా. పద్మనాభయ్యగారి ఇంజను పొగ మన వాకిట్లోకి వస్తుందా అంటే, వాసన పట్టనంత కొద్దిగా వస్తూనే ఉంటుంది. ఇదీ అట్టా కొంచెం. అది లోకమంతా పరుచుకుంటుంది. ఈడ ఎంతో కోవూరులోనూ అంతే, పెన్నలోనూ అంతే, మద్రాసులోనూ అంతే. దాన్నించి తప్పిచ్చుకుని పోయేదానికి చోటు లేదు. దానికి నువ్వు వాగులో పడి పోవాల్సిన పని లేదు."

"నీళ్ళు రంగు తిరిగినాయి గదే" అంది రెబెక్కమ్మ.

"అది సరుగుడు ఆకు అత్తయ్యా. ఏటా తిరుగుతాయి. పోయినేడు మీరే అన్నారు, టీ పొడి అక్కర్లేదని."

రెబెక్కమ్మకు గుర్తొచ్చినట్టుంది. మూట చంకలోంచి కిందికి దించింది.

"నువ్వు తాగుతుండావా ఆ నీళ్ళు?" అంది ఎలిశబెతు.

"రోజూ తాగుతుండా. తెల్లారకముందే చీకట్లో పోయి తెచ్చుకుంటుండా. పొద్దున గూడా తాగినా."

"మరి చెప్పలేదే?"

"ఎవరూ అడగలేదు."

ఎలిశబెతు గూటి కమ్మీ వదిలేసింది. పొట్ట మీద చెయ్యి వేసుకుంది. లోపల ఏదో కదిలినట్టు, చెయ్యి కొంచెం పక్కకు జరిపింది. "నేను పోనమ్మా" అంది తల్లితో. "వాగంటే నాకు భయం. నాకు నీళ్ళు కావాల. కడుపునిండా కావాల."

మాట పూర్తి కాకముందే ప్రేమలీల లోపలికి పరిగెత్తి కడవ అందుకుంది. చీర మోకాళ్ళదాకా ఎగదోపి, తడి ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుండగా వెంకయ్య చేలోకి పోయింది. దొరువు మెట్లు జారుతున్నాయి. టీ రంగు నీళ్ళ మీద చినుకులు గంతులేస్తున్నాయి. ఎక్కడ ఆ పిల్ల మనసు మళ్ళీ మారుతుందో, ఎక్కడ అత్త అడ్డం పడుతుందో అన్న తొందరలో కడవను మూతిదాకా లోపలికి నొక్కి ముంచింది. గుడగుడమని నిండింది. చంకనెత్తుకుని అదే పరుగున తిరిగి వచ్చింది.

ఎలిశబెతును అప్పటికే దించి వసారాలో కూర్చోబెట్టారు. ప్రేమలీల లోటా నిండా వంచి ఇచ్చింది. ఎలిశబెతు వెలుతురుకు పట్టి చూడలేదు. కళ్ళు మూసుకుని ఎత్తింది. ఒక పెద్ద గుక్క తీసుకుంది. మొహం ముడుచుకుపోయింది. వాకిట్లోకి ఉమ్మేసింది.

"ఏమ్మా? ఏందమ్మా?" రెబెక్కమ్మ ఆమె గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"ఉప్పు!" అంది ఎలిశబెతు. "ఒట్టి ఉప్పుకషాయం!"

రెబెక్కమ్మ లోటా లాక్కుని తానే ఒక గుక్క తాగింది. నాలుకతో చప్పరించింది. బాంబు సంగతి ఆమెకు ఆ క్షణాన గుర్తున్నట్టు లేదు. కోడలివైపు తిరిగిన కళ్ళు నిప్పులు చెరిగాయి.

"కడవను నిలువునా ముంచినావా?"

ప్రేమలీల తల వంచుకుంది.

"ఏడేళ్ళనించి ఈ దొరువు నీళ్ళు తాగుతుండావు! పక్కకు వాల్చి, మీద మీద పట్టాలని ఎన్నిసార్లు చెప్పినా! కిందివి కెలికి, మీదివి చెడగొట్టి... చంద్రుడిదాకా లెక్క కడుతుంది, కడవెడు మంచినీళ్ళు తేను చేతకాదు. ఇటియ్!"

కడవలో నీళ్ళు వాకిట్లో కుమ్మరించింది. కొంగు తలమీదికి లాక్కుని వానలోకి దిగింది.

"నేను గూడా వస్తుండా ఉండు రెబెక్కమ్మక్కా" అంటూ మాలకొండమ్మ వెనకే పోయింది. "ఇప్పుడా కెలికినచోట పట్టబాక. ఉత్తరం పక్క పట్టు. ఆడ తేటగా ఉంటాయి."

"నాకు నేర్పిస్తావా?"

"మా దొరువు సంగతి మాకు తెలీదా ఏంది!"

ఇద్దరూ పోట్లాడుకుంటూ చేనుగట్టు మీద పోతుంటే, సరుగుడు చెట్ల దగ్గర ఎవరింట్లోనుంచో ఒకావిడ గొంగడి కప్పుకుని బయటికి వచ్చి చూసింది. కాసేపు నిలబడింది. లోపలికి పోయి ఖాళీ బిందెతో మళ్ళీ వచ్చింది.

"అట్టయితే ఎడ్లను ఇప్పెయ్యనా?" అన్నాడు వెంకయ్య, ఫలానా వాళ్ళనని కాకుండా.

"ఇప్పెయ్యి అన్నా" అంది ఎలిశబెతు.

రెబెక్కమ్మ తెచ్చిన నీళ్ళు ఎలిశబెతు రెండు లోటాలు ఆపకుండా తాగింది. మూడోది సగం తాగి, గోడకు తల ఆనించి, అక్కడికక్కడే నిద్రపోయింది. ఆమె గుండె మీద కొంగు ఎగసి పడుతుండడం చూస్తూ రెబెక్కమ్మ పక్కనే కూర్చుంది. కాసేపటికి, అటువైపు చూడకుండానే, మిగిలిన సగం లోటా కోడలివైపు జరిపింది.

ప్రేమలీల అందుకుని తాగింది. తియ్యగా ఉన్నాయి. సరుగుడు ఆకు వాసన ఉంది. ఇంకేముందో నాలుకకు తెలియదు. కొంచెం అని తను అన్న మాట అక్కడే, గొంతులోనే ఉండిపోయింది. ఎంత కొంచెం? అది ఏ పేపర్లోనూ ఎవరూ రాయలేదు.

గాలి ఎక్కువైంది. దండేనికి ఉన్న పటం రెపరెపలాడి, ఒక కొస ఊడి, జల్లు కొట్టిన చోట ఎర్రసిరా కిందికి కారుతోంది. టెరా వరసలో ఇరుక్కున్న చివరి సున్నలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. ఆమె లేచి పోయి పటాన్ని విప్పింది. మొత్తం మళ్ళీ రాయాలి. ఈసారి కాగితం నడిమధ్య నుంచి గీత కొట్టి, పేర్లు ఒక పక్క పెట్టి, రెండో పక్క దేన్ని కొలుస్తున్నామో రాసేదానికి చోటు వదలాలి. ఉత్త మెగా గోడకెక్కకూడదు.

ఇసుకదిబ్బ అవతల సముద్రం ఇంకా దొర్లుతూనే ఉంది. ఉప్పువాగు వైపు నుంచి ఎవరో కేకలు వేస్తున్నారు, నీళ్ళు ఎక్కుతున్నాయని. ప్రేమలీల పటం చంకలో పెట్టుకుని వాకిట్లోకి వచ్చి నిలబడి, ఆ కేకలు వింటూ, పొయ్యి మీద అన్నం పెట్టిన సంగతి మళ్ళీ మరిచిపోయింది.

"మాడుతుండాదే!" అంది రెబెక్కమ్మ లోపలినుంచి.